బ్రష్షమ్మ చూసిన అడవి

ఆ అడవి గేటు దగ్గర ఎంతటివాడైనా బ్రష్షమ్మ ముందు కాలెత్తాల్సిందే. పెద్ద అధికారైనా, కొత్త పెళ్ళికొడుకైనా, కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఆవిడ చేత చెప్పుల అడుగులు తోమించుకోవాలి. సముద్రపు ఒడ్డునే ఉన్న ఆ వానల అడవి మనుషులు పుట్టకముందు నుంచీ ఉందట. ఊళ్ళ మట్టిలో ఉండే వేరుకుళ్ళు తెగులు చెప్పుల్ని పట్టుకుని లోపలికి పోకూడదని అక్కడి కట్టుబాటు. అందుకే అందరి చెప్పులూ తోమి, మందునీళ్ళలో ముంచి పంపేది. తను మాత్రం ఒక్కనాడూ గేటు దాటలేదు. చెట్లేగా, ఎక్కడికి పోతాయి, రిటైరయ్యాక తీరిగ్గా చూస్తాననేది.

ఆవిడ భర్త వడ్రంగి. లోపల జనం నడిచే చెక్కబాటకు పుచ్చిపోయిన పలకలు మార్చడం ఆయన పని. బాట పక్కనున్న అన్నిటికంటే పాత చెట్టును ఆయన 'పెద్దాయన' అనేవాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పేది ఆ నీడలోనే. ఇంటికొచ్చాక కూడా పెద్దాయన కబుర్లే. సొంత మామగారి గురించి ఏనాడైనా ఇంత మురిపెంగా మాట్లాడారా అని ఆవిడ దెప్పేది.

ఒక వానాకాలం పొద్దున, ఆయనకు సెలవైన రోజు, పలక విరిగి ఎవరో కింద పడ్డారని కబురొచ్చింది. పెరట్లో కూరమొక్కలకు పాదులు తీస్తున్న మనిషి, ఆ బురద బూట్లతోనే పరుగెత్తుకొచ్చాడు. బ్రష్షమ్మ అడ్డం నిలబడింది.

"నేనూ పరాయివాణ్ణేనా?" అన్నాడు.

ఆవిడకు నవ్వొచ్చింది. లోకమంతటినీ ఆపే మనిషి మొగుడికి మాత్రం దారి వదిలేసి, బ్రష్ బకెట్లో పడేసింది.

రెండేళ్ళకు పెద్దాయన ఆకులు చివర్ల నుంచి పండబారాయి. మట్టి పరీక్ష చేసినవాళ్ళు వేరుకుళ్ళేనన్నారు. ఆ విరిగిన పలక మార్చిన చోటే మొదలైందన్నారు. వడ్రంగి నేరుగా ఆఫీసుకు వెళ్ళి, ఆ రోజు తను గేటులోంచి రాలేదనీ, కంచె దూకి వెళ్ళాననీ చెప్పేశాడు. ఆయన ఉద్యోగం పోయింది, ఆవిడది నిలిచింది. ఆ అబద్ధం ఎందుకో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. ఆయన ఒక్క మాటైనా తిట్టి ఉంటే ఆవిడకు అన్నం సయించేదేమో.

తెగులు పాకకుండా చెట్టు కొట్టేయాలని తేలింది. ఒక్కసారి చూసుకుంటానని ఆయన బతిమాలితే పైవాళ్ళు జాలిపడి ఒప్పుకున్నారు. ఆ ఉదయం గేటు దగ్గర జనంతోపాటు వరుసలో నిలబడి, తన వంతు రాగానే కాలెత్తాడు. బ్రష్షమ్మ తోమింది. గీతల్లో ఇరుక్కున్నదంతా పుల్లతో గీకింది. మందునీళ్ళలో ముంచి మళ్ళీ తోమింది. వెనకవాళ్ళు విసుక్కుంటున్నా ఆపలేదు.

"ఆ రోజు నేను ఆపాల్సింది. తప్పు నాదండీ," అంది తలెత్తకుండానే.

"ఆపావే. నేనే వినలేదు."

ఆవిడ బూటు వదిలింది. ఆయన గేటు దాకా నడిచి ఆగిపోయాడు. కాసేపు తన బూట్ల వంకే చూసుకుని వెనక్కి వచ్చేశాడు.

"నా కాళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. నువ్వెళ్ళి చూసి రా," అన్నాడు.

ఆవిడ బ్రష్ ఆయన చేతికిచ్చి, తన చెప్పులు ఆయన చేత తోమించుకుని లోపలికి నడిచింది. ఒకటే తడి, పాకుడు వాసన. ఎంత తలెత్తినా ఆకాశం దొరకలేదు. ఇన్నేళ్ళూ ఇంత లోకాన్ని వాకిట్లో కూర్చుని పోగొట్టుకున్నానని ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది. పెద్దాయన దగ్గర మాత్రం కాస్త వెలుతురుగా ఉంది. బాట మీంచే చెయ్యి చాచి బెరడు తాకి, క్షమించమని అడిగి, ఎవరికీ చెప్పుకోలేని ఏడుపంతా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆయనతో చెప్పడానికి ఒక్క మంచి మాటైనా దొరక్కపోతుందా అని చుట్టూ చూసింది.

ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగాడు.

"మాను గట్టిగానే ఉందండీ. అక్కడ నిలబడితే సముద్రం ఎంత బాగా కనబడుతోందో," అంది.

అన్నేళ్ళు ఆ గుబురు నీడన అన్నం తిన్న మనిషి, ఆకులు అడ్డమై, సముద్రపు హోరు వినడమే గానీ, అక్కణ్ణించి నీళ్ళు ఏనాడూ చూసి ఎరగడు. ఆయన గేటు కమ్మీ పట్టుకుని వలవలా ఏడ్చాడు. తనేమందో తెలియక ఆవిడ ఆయన భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.