రెండోసారి రీస్టార్ట్ చేసి చూడలేదు

పిఠాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక రొయ్యపిల్లల హేచరీలో కంప్యూటర్ పనులు నేనే చూసేవాణ్ణి. తొట్లలోకి గాలి పంపే బ్లోయర్లు లైనక్స్ మీద నడిచే చిన్న కంప్యూటర్ అదుపులో ఉండేవి. కరెంటు పోయొచ్చి అది రీస్టార్ట్ అయితే, నేను రాసిన స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం అది కనిపెట్టి బ్లోయర్లు వేయాలి, ఆ సంగతి లాగ్ అనే చిట్టాలో రాయాలి. స్క్రిప్టు ఒక్కటే ఆగి మళ్లీ మొదలైతే మాత్రం దేన్నీ కదిలించకూడదు. తొట్టి కడగడానికి ఎవరైనా బ్లోయరు ఆపి ఉండొచ్చు. ఆ తేడా తెలియడానికి, స్క్రిప్టు మొదలైనప్పుడు గుర్తుగా ఒక ఖాళీ ఫైలు పెట్టేలా రాశాను. కంప్యూటర్ ఆగితే అది చెరిగిపోవాలి. ఫైలు లేకపోతే రీస్టార్ట్ అయినట్టు, ఉంటే కానట్టు.

ఒక మధ్యాహ్నం తొట్లలో రొయ్యపిల్లలు చచ్చిపోయాయి. డ్యూటీలో ఉన్నది పక్క ఊరి మత్స్యకారుల ఇంటి ఆవిడ. నాకంటే పదేళ్లు పెద్ద.

"కరెంటు పోయొచ్చిందండి. కంప్యూటర్ ఆగి మళ్లీ వచ్చింది. బ్లోయర్లు అవే తిరుగుతాయన్నారు కదండీ, అన్నం తినడానికెళ్లాను" అంది.

యజమాని నా వైపు చూశారు. లాగ్ తెరిచాను. రీస్టార్ట్ అయినట్టు ఒక్క ముక్క లేదు.

"కాలేదండి. ఎవరో చేత్తో ఆపారు" అన్నాను.

"నేను ఆపలేదు బాబూ" అంది ఆవిడ. నేను స్క్రీన్ వైపు తిరిగిపోయాను. కంప్యూటర్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో ఒక్క కమాండ్ కొడితే తెలిసేది. అదీ కొట్టలేదు. మర్నాటి నుంచి ఆవిడని పనికి రావద్దన్నారు.

మూడు నెలల తర్వాత జంగారెడ్డిగూడెంలో ఒక మొక్కల నర్సరీకి అదే స్క్రిప్టు పెడుతూ, కంప్యూటర్‌ని వరసగా రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. రెండోసారి లాగ్‌లో ఏమీ పడలేదు. గుర్తు ఫైలుని నేను పెట్టింది డిస్కు మీద. కరెంటు పోయినా అది చెరగదు. కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో పెట్టాల్సింది. హేచరీలో ఒక్కసారే పరీక్షించాను. అప్పటికి ఫైలు లేదు కాబట్టి పనిచేసింది, అంతటితో వచ్చేశాను.

హేచరీ యజమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అయితే ఆవిణ్ణి రమ్మనండి" అన్నారు.

ఆవిడ ఇంటికి వెళ్లేసరికి చేపలు గంపకెత్తుతోంది. తలదించుకునే అంతా చెప్పాను.

"ఇప్పుడు చేపలమ్ముకుంటున్నానండి, ఇంక అక్కడికి రాను. కానీ నేనే ఆపేశానని అనుకుంటున్నారు హేచరీలో వాళ్లంతా. వాళ్లకి చెప్పండి, చాలు."

మర్నాడు పొద్దున్న హేచరీలో స్క్రిప్టు సరిచేసి, డ్యూటీ మారేవేళ పనివాళ్లందరి ముందూ నిలబడి తప్పు నాదేనని చెప్పాను. మేత కలుపుతున్న ఒకావిడ తలెత్తి, "ఆ రోజు మేమూ ఇక్కడే ఉన్నామండి. కరెంటు పోయిందని తెలుసు. ఒక్కళ్లమూ నోరు తెరవలేదు" అంది.

ఆ మాటతో నా బరువేమీ తగ్గలేదు.