రమణయ్య పేరు తీయనన్న పరంజ్యోతి

మా ఆఫీసులో పరంజ్యోతికి కోపం ఎక్కువ అంటారు. ఆ కోపమే లేకపోతే మైపాడు జాలరి రమణయ్య ఇవాళ్టికీ బోటులో తెర పాడుచేసిన మనిషిగానే మిగిలేవాడు.

రమణయ్య బోటులో సముద్రం లోతూ, దారీ చూపించే తెర ఉంది. దాని సాఫ్ట్‌వేర్ మా నెల్లూరు ఆఫీసు చేసిందే. కొత్త వెర్షన్ ఎక్కించిన మర్నాడే చేపల వేటలో ఉండగా తెర ఆపి మళ్లీ వేస్తే, నల్లగానే ఉండిపోయింది. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట తెలియక బోటు ఇరుక్కుంది. ముగ్గురు మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒడ్డెక్కారు. సర్వీసు సెంటరు వాళ్లు మాత్రం తెర విప్పి కూడా చూడకుండా, ఉప్పునీళ్లు పోసి పాడుచేశాడని కాగితం మీద రాసి పంపేశారు. బోటులో భాగస్తులు కూడా ఆ కాగితాన్నే నమ్మారు.

"నీళ్లెందుకు పోస్తానమ్మా? నాకేమన్నా పిచ్చా? పట్ట కప్పి బిడ్డ మాదిరి చూసుకున్నా," అంటూ రమణయ్య ఆ తెర పట్టుకుని మా ఆఫీసుకే వచ్చాడు.

పరంజ్యోతి రెండు రోజులు దాని ముందే కూర్చుంది. బొమ్మను తెరకెక్కించే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాం, మొదలవగానే తన ఫైళ్ల కోసం మెమరీలో సొంత గది ఏర్పాటు చేసుకుంటుంది. అక్కడైతే పెద్ద పెద్ద ముక్కలుగా పెట్టుకోవచ్చు కనుక పని వేగం. గది కుదరకపోతే అందరూ వాడే మామూలు చోటు ఉండనే ఉంది. కాస్త నెమ్మదిస్తుంది, అంతే. కానీ గది కుదరకపోతే డ్రైవరే ఆగిపోయేలా కొత్త వెర్షన్లో రాసి ఉంది. రాసింది మా మేనేజర్ పెంచలప్రసాద్ గారు. పులుసులోకి మామిడికాయ దొరకలేదని పొయ్యి ఆర్పేసే మనిషిని ఏమనాలి?

పరంజ్యోతి నాలుగు లైన్లు మార్చింది. మార్పు కింద లోపం చూపించినవాళ్ల పేరు రాయడం మా పనిలో మర్యాద. 'రమణయ్య, మైపాడు' అని రాసింది.

"ఆ పేరు తీసేయమ్మా. మన టెస్టింగులోనే దొరికిందని రాయి," అన్నారు ప్రసాద్ గారు.

"తీయను సార్. ఆయన పేరు తీస్తే నా మార్పూ తీసేస్తాను. మీ తప్పు మీరే సరిచేసుకోండి."

తప్పు తనదై ఉండి ఆ మనిషికి సిగ్గు లేదు చూడండి, వారం నానబెట్టాడు. చివరికి మార్పు రమణయ్య పేరుతోనే ఎక్కింది. తెర వెలిగింది.

ఆ లైను చదివి వినిపిస్తే రమణయ్య సంతోషిస్తాడనుకున్నాం.

"మీ మిషన్లో ఉంటే మా ఊళ్లో ఎవురికి తెలస్తాదమ్మా? నీళ్లు పోసినానన్న కాగితం నా జోబీలోనే ఉండాదే," అన్నాడు.

పరంజ్యోతి బ్యాగు తగిలించుకుని ఆయన్ని సర్వీసు సెంటరుకు వెంటబెట్టుకెళ్లింది. వాళ్లు కాగితంలో ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టేదాకా కౌంటరు ముందునుంచి కదల్లేదు.