ఎర్ర పెయింటుతో రాసిన ఎనిమిది

1998 యాసంగి. బాన్సువాడ బస్టాండు వెనుక నాకు పంపుల రిపేరు షాపు ఉండేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు ఉడికిన వడ్ల వాసన తగులుతుంది.

ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్‌కు నీళ్లు తోసే రెసిప్రొకేటింగ్ పంపును నేనే బిగించాను. అది పిచికారీలా ముందుకూ వెనక్కూ ఆడుతూ నీళ్లను దెబ్బదెబ్బగా తోస్తుంది. ఆ అదురు పైపులకు తగలకుండా పక్కన పల్సేషన్ డ్యాంపెనర్ ఉంటుంది. అదొక ఇనుప బుడ్డి, లోపల రబ్బరు బ్లాడర్, దాన్నిండా నైట్రోజన్ గ్యాస్. ఆ సీజన్‌లో బ్లాడర్ మూడుసార్లు చినిగింది. మొదటి రెండుసార్లు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రబ్బరు నాసిరకమని తిట్టి కొత్తది వేసి వచ్చాను.

మూడోసారి మిల్లు యజమాని పటేల్, పంపు ఆపరేటర్ హరిసింగ్‌ను నా ముందే నిలబెట్టాడు. హరిసింగ్‌ది దగ్గరి తండా. ఆ జీతం మీదే అతని ఇల్లు నడిచేది.

"సాయిలూ, సామాన్ మంచిదే. గీ హరిసింగే సరిగ జూస్తలేడు. ఇగ రేపటిసంది వేరేటోణ్ణి పెట్టుకుంట," అన్నాడు పటేల్.

"వారం వారం పంపు బంద్ జేసి, లైన్ల నీళ్లిడిసి గ్యాస్ జూస్తున్న పటేలా. ఎనిమిదికి తక్కువుంటే నింపుతున్న," అన్నాడు హరిసింగ్.

"ఎనిమిదని ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాను.

అతను బుడ్డి మీదికి వేలు చూపించాడు. ఎర్ర పెయింటుతో 8 అంకె. నా రాతే.

అప్పుడు నాకు తట్టింది. పంపు బిగించిన నాడు నీటి ఒత్తిడి పది కిలోలు, దానికి గ్యాస్ ఎనిమిది సరిపోయేది. కిందటి ఎండాకాలం, బాయిలర్ పాతబడిందని ఇన్‌స్పెక్టర్ చెబితే, ఒత్తిడిని ఏడుకు దించిందీ నేనే. అంకె మార్చడం మాత్రం మరిచాను. నీళ్లకన్నా గ్యాస్ బలం ఎక్కువై బ్లాడర్ బుడ్డి అడుగుకు అతుక్కుపోయింది. ప్రతి తోపుకూ అక్కడే రాచుకుని చినిగింది. పాపం, హరిసింగ్ శ్రద్ధే దాన్ని చింపింది.

గుట్టుగా అంకె మార్చేసి పోదామని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. షాపు పేరు పోతుందని భయం. తల దించుకుని నిలబడ్డ హరిసింగ్‌ను చూస్తే సిగ్గేసింది.

"పటేలా, తప్పు నాది. గాయిన నేను రాసినట్టే జేసిండు."

పటేల్ బుడ్డి దగ్గరికొచ్చి ఆ అంకెను చూశాడు. "పో హరిసింగ్, పంపు కాడ నీ పని నువ్వు జూస్కో," అన్నాడు.

కొత్త బ్లాడర్‌లో గ్యాస్ ఐదున్నరే పెట్టాను. అది మూడు సీజన్లు చెక్కుచెదరలేదు. ఆ రోజు బయటికొస్తూ, మనసులో పెట్టుకోవద్దని హరిసింగ్‌ను బతిమాలాను.

"రెండోది చినిగినప్పుడే నాకు అనుమానమొచ్చిందన్నా. నీళ్ల ఒత్తిడి తగ్గింది గదా, గ్యాస్ గంతే ఎందుకని. కానీ నువ్వు రాసినవ్. మిస్త్రీ రాసింది తప్పని నేనెట్లంట?" అన్నాడు.

ఆ తర్వాత ఏ మిల్లుకు పోయినా, పానా చేతిలోకి తీసుకోకముందే ఆపరేటర్ పక్కన కూర్చుని, "నీకేమనిపిస్తుంది?" అని అడిగేవాణ్ణి.