బెనిల్దక్క ఏడవని చావు

మా సాన్ అపోలినార్‌లో లైకులు లేనివాడికి చచ్చాక కూడా చోటు లేదు. వెయ్యి దాటినవాళ్లను గుట్టమీద పూడుస్తారు. మిగతావాళ్లకు మగ్దలేనా నది ఒడ్డున పల్లం. అక్టోబరులో ఏరు పొంగుతుందని తెలిసి కూడా ఆ చట్టానికి మేమందరం ఫోన్లో వేలు నొక్కాం. సిగ్గులేని ఊరు మాది.

బెనిల్దక్క కూలికి ఏడ్చే మనిషి. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఆమె ఏడవని శవం లేదు. మా అమ్మ పోయినప్పుడు, అమ్మ వేయించే చేపల దగ్గర్నుంచి అమ్మ నోటి దురుసు దాకా పాడి ఏడ్చి, బండరాయిలాంటి మా నాన్న చేత కూడా కన్నీళ్లు పెట్టించింది. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. సొంతింటి శవం మీద ఏడవకూడదు. ఏడిస్తే చావు ఆ గడపకు అలవాటు పడుతుందంటారు. పక్కూరి నుంచి ఇంకొకామెను పిలిపించుకోవాలి.

ఆమె మొగుడు ఎలియేసర్, పడవ నడిపేవాడు, జూన్‌లో పోయాడు. పక్కూరామె రానంది. తనకన్నా లైకులు తక్కువున్న ఇంట్లో కనబడితే తనవీ పడిపోతాయట. అక్క శవం పక్కన కన్ను తడవకుండా కూర్చుంది. ఎవడో వీడియో తీసి పెట్టాడు. "ఊరందరికీ ఏడ్చుద్ది, మొగుడికి మాత్రం ఏడవదంట. ఎవడినో చూసుకునుంటది" అని కింద రాశారు. ఇచ్చిన లైకులు వెనక్కి లాక్కున్నారు. ఎలియేసర్‌కున్న పన్నెండు వందలు సాయంత్రానికి మూడు వందలయ్యాయి.

కట్టుబాటు సంగతి మా అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

"నువ్వన్నా ఒక ముక్క రాయవే నుబియా," అంది అక్క నాతో. "ఆయన్ని పల్లంలో పెట్టనీకు."

"రాద్దును గానీ అక్కా, మా పిల్ల బడి సీటు వచ్చే వారమే తేలేది. ఇప్పుడు నా లైకులు పడిపోతే ఎట్టా?"

"సర్లే. పిల్లకి సీటు రానీ."

తిట్టినా బాగుండేది.

అక్టోబరులో ఏరు వచ్చి పల్లంలో ఎలియేసర్ సమాధితో సహా అన్నీ ఊడ్చుకుపోయింది. తెల్లారాక అక్క మోకాటిలోతు బురదలో నిలబడి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడవకూడదు కదక్కా," అన్నాను.

"ఇప్పుడాయన మా ఇంట్లోవాడా ఏంటి? ఏటి పాలయ్యాడు," అంది.

ఊరంతా ఫోన్లు ఎత్తి పట్టుకుంది. నేనూ ఎత్తాను. ఎలియేసర్ పేరు పెట్టి నేను వదిలిన వీడియోకే అందరికన్నా ఎక్కువ వచ్చాయి, పదకొండు వేలు. అవన్నీ అతని పేరు మీద కూడా పడ్డాయి.

మూడో రోజు మునిసిపాలిటీ గుమాస్తా అక్కకు కాగితం తెచ్చాడు. ఎలియేసర్‌కు గుట్టమీద మొదటి వరసలో చోటు మంజూరైంది.

"ఇక్కడ సంతకం పెట్టు పెద్దమ్మా," అన్నాడు. "వారంలోపు శవాన్ని తీసుకురాకపోతే రద్దయిపోద్ది."