చిలక వేషానికి కొలతలు

కువైట్‌లోని ఫింటాస్‌లో నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో చిన్నపిల్లవాడి పుట్టినరోజుకి చిలక వేషం కావలసి వచ్చింది. మామూలు చిలక కాదు. పాత కార్టూన్ సినిమాల్లో టోపీ పెట్టుకుని, గొడుగు ఊపుకుంటూ తిరిగే బ్రెజిల్ చిలక. వాడికి అదంటే పిచ్చి.

కారులో బడికి తీసుకెళ్తుంటే దాని పుట్టుక నాకు చెప్పింది వాడి అక్క. అమెరికా బొమ్మలవాళ్ళు బ్రెజిల్‌కి చుట్టపుచూపుగా వెళ్ళారట. అక్కడి జనం చిలకల మీద చెప్పుకునే జోకులు విని, ముచ్చటపడి, దీన్ని గీసుకున్నారట. సినిమాలో దాని పని, వచ్చిన అతిథికి నవ్వుతూ ఊరు చూపించడం. అంటే, తమకు ఎదురొచ్చి నవ్వేవాణ్ణి వచ్చినవాళ్ళే తయారు చేసుకున్నారన్నమాట. ఆ ఉద్యోగం ఎలాంటిదో నాకొకరు చెప్పక్కర్లేదు.

ఇంటావిడను మేమంతా మామా అనేవాళ్ళం. ఆకుపచ్చ మఖమల్ గుడ్డ నా చేతికిచ్చి, "నీ కొలతలకే కుట్టించు. గేటు దగ్గర నువ్వే నిలబడాలి" అంది. జూన్ నెల.

దగ్గర్లోని ఫహాహీల్‌లో టైలరుది రాయచోటి. మా ఇంట్లో తోటపని చేసే భాయ్‌దీ అదే ఊరు. నాకంటే పదేళ్ళు పెద్ద. పండగ బట్టలు అక్కడే కుట్టించుకునేవాడు. అతని కొలతలు టైలరు పుస్తకంలో ఉన్నాయి.

"ఎవురికి కుట్టాల?" అన్నాడు టైలరు.

"మా భాయ్ కొలతలున్నాయి కదండీ, వాటికే కుట్టెయ్యండి" అన్నాను. నోరు తడబడలేదు.

వేషం నా పొట్ట దగ్గరే ఆగిపోయింది. టైలరు పొరపాటన్నాను. భాయ్‌కి అతికినట్టు సరిపోయింది. "ఖలాస్, వీడే" అంది మామా. సిగ్గుపడ్డానని అబద్ధం చెప్పను. ఆ పూట హాయిగా భోంచేశాను.

పార్టీ రోజు సాయంత్రం నాలుగింటికీ ఎండ మాడ్చేస్తోంది. వచ్చినవాళ్ళందరికీ భాయ్ వంగి వంగి దండాలు పెట్టాడు. చేతిలో గొడుగుంది, విప్పకూడదని పిల్లవాడి పట్టు. గంట తిరక్కుండా కుప్పకూలాడు. అదీ ఆటేననుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. ముక్కు కింద కుట్టిన నవ్వు అలాగే ఉంది. లోపల మనిషి ఏమయ్యాడో నాకు తెలుసు. అయినా మామా ఏమంటుందోనని, మోగుతున్న పాట అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వెళ్ళి ఆ చిలక తల ఊడబీకి, నీళ్ళు పోశాను.

గదిలో పడుకోబెడితే కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు ల్యాకుంటే ఈ పొద్దు సచ్చిపోయిండేవాన్ని నాయనా."

"అదేం మాట భాయ్, ఊరుకోండి" అన్నాను. నవ్వాను కూడా.