దాసన్నకు దక్కని ఈల

లేవికి ఒకటే పిచ్చి. వాళ్ల వాకిట్లో ఎవరు అడుగుపెట్టినా జేబులోంచి వెండి ఈల తీసి, నిటారుగా నిలబడి, బుగ్గలు పూరీల్లా పొంగించి ఊదేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నౌకాదళం నుంచి ఇంటికొచ్చిన నాటినుంచీ ఇదే వరస. ఓడ మీదికి పెద్ద అధికారి ఎక్కితే అలా ఊది మర్యాద చేస్తారట. ఎర్రగుంట్ల పక్కన, తాగే నీళ్లకే కటకటలాడే ఆ ఊళ్లో లేవి ఇల్లే ఓడ, అరుగే డెక్కు, భార్య ప్రేమమ్మే కెప్టెన్.

"సముద్రం యాడుండాదప్పా ఈడ?" అని ఎవరైనా నవ్వితే, "సముద్రం లేకుంటే క్రమశిక్షణ కూడా ఉండగూడదా?" అని గదమాయించేవాడు. కరాచీలో నేర్చిన కవాతు చేసి చూపేవాడు. "మీ దీపాల్లో పోసుకుంటాండారే కిరసనాయిలు, దాన్ని తెచ్చే ఓడలకు కాపలా కాసింది మేమే. మా కెప్టెన్ దొర అయితే నావికులంతా తిన్నాకే తినేటోడు. పెద్దరికమంటే అదీ!" అనేవాడు. అందుకని ప్రేమమ్మ కూడా అందరూ తిన్నాకే తినాల్సి వచ్చేది. కెప్టెన్ హోదా మీద ఆమెకు ఏమంత మోజు లేదు.

ఇదంతా చూసి దాసన్నకు కడుపు మండిపోయేది. అతను లేవికి పెదనాన్న కొడుకు, బావులు తవ్వే మేస్త్రీ. పాదిరిగారికి ఈల ఊదాడు, సరే. మంత్రసాని సుంకులమ్మకు ఊదాడు, పోనీ. దాసన్న కనబడితే మాత్రం లేవి ఈలను గబుక్కున జేబులో దాచేసేవాడు.

"పక్కింటి ఓబులమ్మ మేకకు కూడా ఊదినాడంట! నేను మేకకంటే తక్కువనా?" అని ఇంట్లో అన్నం ముందు కూర్చుని రుసరుసలాడాడు.

"ఆ మేక అడిగి ఊదించుకోలేదులే, తిను" అంది భార్య రాహేలమ్మ.

"ఈ చుట్టుపక్కల బండ పగలగొట్టి నీళ్లు చూపించింది నేను. ఉప్పునీళ్ల మీద తిరిగొచ్చినోడికా గొప్ప?"

నిజానికి లేవి రైలు దిగిన రోజున ఎదురెళ్లింది దాసన్నే. అప్పుడే గార్డు ఈల వేశాడు. బావిలో బండ పగలగొట్టే మందు తూటాలు పేల్చే ముందు ఈల వేస్తారు. అది వినబడగానే తల మీద చేతులు పెట్టుకుని బోర్లా పడుకోవాలి. ముప్పై ఏళ్ల అలవాటు కదా, దాసన్న ప్లాట్‌ఫారం మీద అలాగే పడుకున్నాడు. చిత్రమేమిటంటే, మల్లెపువ్వులాంటి తెల్ల దుస్తుల్లో ఉన్న లేవి కూడా పక్కనే బోర్లా పడుకున్నాడు. జనం నోరెళ్లబెట్టి ఆ నావికుణ్ణే చూశారు. "నాకు కాలు జారింది. వానికేమో మతి చెడింది" అని దాసన్న ఊరంతా చెప్పుకున్నాడు.

ఒక ఆదివారం ఇక ఓర్చుకోలేక కోటు తొడిగి, కొత్త తలపాగా చుట్టి లేవి ఇంటికి బయల్దేరాడు. సుంకులమ్మ కోసం లేవి అప్పుడే ఈల నోట్లో పెట్టుకున్నాడు. దాసన్నను చూడగానే జేబులో వేసేశాడు.

"ఊదరా! ఈ పొద్దు ఊదకుంటే నీ చేన్లో తొవ్వుతాండే బావి ఆడికే ఆపేస్తా!"

బావి ఆగితే లేవి చేనుకు ఆ యేడు పంట లేనట్టే. అయినా తల దించుకుని, ఈల ఉన్న జేబును అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ప్రేమమ్మకు ఒళ్లు మండింది.

"బావా, ఈల ఇంటే నువ్వు పడిపోతావు. జనం నగితే నీకు చిన్నతనమని దాస్తాండాడు. ఆ పొద్దు టేసన్లో నీ ఒక్కన్నే చూసి నగుతారని తనూ పడుకున్యాడు. ఆ తెల్లగుడ్డలకంటిన బొగ్గు ఇంకా వదల్లేదు. ఉతికేది నేను కదా!"

దాసన్న ముఖం వాడిపోయింది. ఇన్నాళ్లూ మేకతో పోటీ పడ్డందుకు సిగ్గేసింది. కోటు విప్పి గుంజకు తగిలించాడు. తలపాగా తీసి నేల మీద పొడుగ్గా పరిచాడు.

"ఇప్పుడు ఊదరా."

లేవి ఊదాడు. దాసన్న దబ్బున బోర్లా పడ్డాడు. లేవి కూడా ఈల నోట్లోంచి తీయకుండానే పక్కన పడుకుని ఊదుతూనే ఉన్నాడు.

"నేను గూడా పడుకోవాల్నా?" అంది గడపలో సుంకులమ్మ, బిక్కమొహం వేసుకుని.

దాసన్న తల ఎత్తకుండానే అడిగాడు: "మేకకు ఇంతసేపు ఊదినావా?"

"లేదన్నా. ఇది పెద్ద దొర కూత."

"అట్లయితే ఇంకోసారి ఊదు."