మోటర్‌హోమ్‌లో గుమ్మడికాయ

మొన్న రేస్ ట్రాక్ దగ్గర నేను వెలగబెట్టిన నిర్వాకం చిత్తూరులో సగం మందికి తెలిసిపోయింది. వాళ్లు ఉప్పూ కారం కలిపి చెప్పకముందే నా నోటే వినండి.

మా అమ్మాయి హారిక కార్ రేసులు తోలుతుంది. పెద్ద రేసు ఇదే మొదటిది. ఆ కంగారులో ముందురోజు రాత్రి దానికి కంటి మీద కునుకు లేదు. రేసేమో సాయంత్రం. "మధ్యాహ్నం కాసేపైనా నిద్రపోకుంటే కారెక్కనివ్వను" అని కోచ్ తేల్చి చెప్పేశాడు.

పడుకోడానికి టీమ్ వాళ్లు మోటర్‌హోమ్ ఇచ్చారు. బస్సులో ఇల్లన్నమాట. ఏసీ, పరుపు, ఫ్రిజ్, బాత్‌రూమ్, అన్నీ అందులోనే. మా నాయన వయసులో ఉన్నప్పుడు రేసులు తోలిన మనిషి. మనవరాలి రేసు చూడాలని మాతో వచ్చాడు, పాత టార్పాలిన్ ఒకటి మా కారు డిక్కీలో వేసుకుని మరీ. "ఈ కాలంలో అదెందుకు నాయనా" అని దారి పొడుగునా ఎగతాళి చేశాను.

ఆయన మోటర్‌హోమ్ ఎక్కి, పరుపు నొక్కి చూశాడు.

"మేము కారు కిందనే పండుకునేటోళ్లంరా. ఇంజినాయిలు మొగం మీద కారితే అదే మాకు అలారం. తర్వాత రేకుల షెడ్డేసి నులక మంచాలిచ్చినారు. మంచం దొరికినోడు ఆ పొద్దుకి జమీందారే. ఇప్పుడు సూడు, నా మనవరాలి కోసం ఇల్లే నడిసొచ్చినాది" అని కళ్లు తుడుచుకున్నాడు.

అక్కడితో నేను ఊరుకున్నా బాగుండేది. బిడ్డ కారెక్కే ముందు దిష్టి తియ్యమని మా ఆవిడ బూడిద గుమ్మడికాయ, కర్పూరం కట్టిచ్చింది. మా వైపు కొత్త ట్రాక్టరుకైనా దిష్టి తియ్యందే రోడ్డెక్కించరు. అది పడుకోకముందే తీసేద్దామనుకుంటే, బయట గాలికి కర్పూరం ఆరిపోతోంది. లోపల గాలి లేదు కదా అని లోపలే వెలిగించాను.

"ఒద్దురా, బయటనే ఆ మూల గాలికి చాటుగా నిలబడి తియ్యి" అన్నాడు నాయన. వింటే కదా.

రెండో చుట్టు తిప్పుతుండగా పైకప్పులో ఏదో కుయ్యోమని అరవడం మొదలుపెట్టింది. పొగ వాసన కనిపెట్టే అలారమట. హెల్మెట్లు పెట్టుకుని, ఎర్ర సిలిండర్లు మోసుకుంటూ నలుగురు పరిగెత్తుకొచ్చారు. మండుతున్న గుమ్మడికాయతో నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"సార్, మంట యాడ?"

"ఇదేనప్పా, ఇంకొక్క చుట్టు ఉండాది" అన్నాను.

వాళ్లు ఆగలేదు. తెల్లపొడి కొట్టేశారు. గుమ్మడికాయ, పరుపు, నేను, అంతా తెలుపే. కడిగి ఆరబెట్టేదాకా ఎవరూ ఎక్కకూడదని తలుపు మూసేశారు.

హారిక మెట్టు మీద కూలబడింది. "ఇప్పుడు నేను యాడ పండుకునేది నాన్నా?" అంది. ఆ గొంతు వింటే నా ప్రాణం చచ్చిపోయింది. బిడ్డకు కీడు తగలకూడదనుకుని ఆ కీడేదో నేనే అయ్యాను.

నాయన డిక్కీలోంచి టార్పాలిన్ తీసి, గ్యారేజీ నీడలో రేసు కారు పక్కనే పరిచాడు. గోడకానుకుని కూర్చుని దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"పండుకోమ్మా. ఈ కారుకు ఆయిలు కారదులే."

అది నవ్వింది. నవ్వుతూనే నిద్రపోయింది. లేచేదాకా ఆయన తువ్వాలుతో విసురుతూనే ఉన్నాడు, కాలు కదపలేదు. తర్వాత ఆయన్ను ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చింది.

కోచ్ దాని కళ్లు చూసి కారెక్కించాడు. కప్పు రాలేదు కానీ రేసు పూర్తి చేసింది. దిగగానే హెల్మెట్ తెచ్చి వాళ్ల తాత నెత్తిన పెట్టింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "దిష్టి బాగా తీసినావా?" అని అడిగింది.

"బాగానే తీసినా" అన్నాను. "మంటలార్పేవాళ్లు వచ్చి ఆపేదాకా తీసినా."